ముఖానికి ఫిల్లరా, కొలాజెన్ ఇంజెక్షనా? గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చర్మవ్యాధుల డాక్టర్‌ని. పుట్టింది, చదువు అయ్యాక తిరిగొచ్చి ప్రాక్టీస్ పెట్టుకుంది గోదావరి డెల్టాలోనే. ఒకప్పుడు మా ఓపీ అంతా తామర, గజ్జి, బొల్లి, మొటిమలతోనే నడిచేది. ఇప్పుడు ఫోన్‌లో వీడియో చూపించి "ఇది నాకు చేస్తారా అండీ" అని అడిగేవాళ్లు కూడా వస్తున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. ముఖం బాగుండాలనుకోవడం అమలాపురంలో ఉన్నవాళ్లకైనా అమెరికాలో ఉన్నవాళ్లకైనా ఒకటే.

కిందటి ఏడాది ఒకావిడ వచ్చారు. రెండు బుగ్గల మీదా వేలితో తడిమితే తగిలే గట్టి గింజలు. వేరే ఊళ్లో ఎక్కడో ఇంజెక్షన్ చేయించుకున్నారు. ఏం మందమ్మా అంటే "కొలాజెన్ అన్నారండి" అన్నారు, అంతే. మందు పేరు తెలియదు, చీటీ లేదు, చేసినవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. లోపల ఉన్నది కరిగించగలిగేదో కాదో తెలియక ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ రోజు నుంచి ఇది రాయాలని అనుకుంటున్నాను.

ఈ రెండింటికీ అసలు తేడా ఏమిటి?

మన దగ్గర పల్లపు స్థలం కొంటే ఏం చేస్తాం? లారీలతో మట్టి తోలించి మెరక చేస్తాం. సాయంత్రానికి పల్లం మెరకవుతుంది. మామూలు ఫిల్లర్ చేసే పని అదే. చర్మం కింద ఎక్కడ లోతు పడిందో అక్కడ జెల్ నింపుతారు. కుర్చీలోంచి లేచేసరికే తేడా కనిపిస్తుంది.

కొలాజెన్‌ని పెంచే ఇంజెక్షన్ చేలో ఎరువు చల్లడం లాంటిది. చల్లిన సాయంత్రం గట్టు మీద నిలబడి చూస్తే చేను నిన్నటిలాగే ఉంటుంది. పైరు దాన్ని తీసుకుని పెరగాలి. ఈ మందు కూడా తానుగా నింపేది తక్కువ. మీ చర్మం చేత కొత్త కొలాజెన్ తయారు చేయించడమే దాని పని. అందుకు వారాలు కాదు, నెలలు పడుతుంది.

ఇంకో పెద్ద తేడా కూడా ఉంది. తోలించిన మట్టిని కావాలంటే తవ్వి తీసేయొచ్చు. చల్లిన ఎరువుని ఏరి తీయలేం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

కొలాజెన్ అంటే ఏమిటి? అది ఎందుకు తగ్గిపోతుంది?

చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్ అది. నులక మంచానికి నులక ఎలాగో చర్మానికి కొలాజెన్ అలాగ. నులక వదులైతే మంచం కుంగినట్టు, కొలాజెన్ తగ్గితే చర్మం జారుతుంది. పాతికేళ్లు దాటాక ఏటా సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుందని చెబుతారు. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక మొదటి అయిదేళ్లలోనే చర్మంలోని కొలాజెన్ దాదాపు 30 శాతం పోతుంది. "రెండేళ్లలో నా ముఖం నాకే కొత్తగా ఉందండీ" అని యాభై దాటిన అమ్మలు చెప్పేది అతిశయోక్తి కాదు.

వయసు ఒక్కటే కారణం కాదు. మన దగ్గర ఎండ పెద్ద కారణం. దాళ్వా కోతల్లో, రొయ్యల చెరువు గట్ల మీద, బండి మీద ఊళ్లు తిరిగేటప్పుడు పడే ఎండలోని అతినీలలోహిత కిరణాలు కొలాజెన్‌ని తెంచే ఎంజైములను పెంచుతాయి. సిగరెట్టు, చుట్ట కూడా అంతే. ఒకే ఇంట్లో అక్కచెల్లెళ్లలో పొలం పనులు చూసుకునే అక్కకు, నీడపట్టున ఉద్యోగం చేసే చెల్లికి చర్మంలో పదేళ్ల తేడా కనిపించడం నేను చూస్తూనే ఉంటాను.

ముఖం పీక్కుపోవడానికి ఇంకా కారణాలున్నాయి. చర్మం కింద కొవ్వు తగ్గుతుంది, ఎముక కూడా కొద్దిగా అరుగుతుంది, దవడ పళ్లు పోతే బుగ్గలు లోపలికి పోతాయి. పళ్లు కట్టించుకోవాల్సిన మనిషికి బుగ్గలో ఫిల్లర్ వేస్తే సగం పనే అవుతుంది. అలాంటివాళ్లను ముందు దంతవైద్యుల దగ్గరికి పంపిస్తాను.

పేర్లు చాలా వినిపిస్తున్నాయి. ఏది ఏ రకం?

మామూలు ఫిల్లర్ అంటే ఈ రోజుల్లో దాదాపుగా హయలురానిక్ యాసిడ్. పేరులో యాసిడ్ ఉందని భయపడకండి. మన చర్మంలో, కీళ్లలో, కళ్లలో సహజంగా ఉండే, నీటిని పట్టి ఉంచే పదార్థమే అది. మామూలుగా వేస్తే శరీరం త్వరగా కరిగించుకుంటుంది కాబట్టి, దాని పోగుల్ని ఒకదానికొకటి ముడివేసి జెల్‌గా చేస్తారు. రెస్టిలేన్, జువెడర్మ్ ఈ కోవకు చెందినవి. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2003 డిసెంబరులో రెస్టిలేన్‌కు అనుమతి ఇచ్చింది. ఏ రకం జెల్, ఎక్కడ వేశారు అనేదాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు ఉంటుంది.

కొలాజెన్‌ని పెంచేవాటిలో బాగా తెలిసినది పాలీ ఎల్ లాక్టిక్ యాసిడ్, స్కల్ప్‌ట్రా పేరుతో దొరుకుతుంది. ఆపరేషన్లలో వాడే, వాటంతటవే కరిగిపోయే కుట్ల దారాలు కూడా ఈ కుటుంబం పదార్థాలతోనే చేస్తారు. 2004లో ఎఫ్‌డీఏ దీనికి మొదట అనుమతి ఇచ్చింది అందం కోసం కాదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో బుగ్గల కొవ్వు కరిగిపోయి ముఖం పీక్కుపోయేది. చూడగానే జబ్బు బయటపడిపోతుందని వాళ్లు ఇంట్లోంచి బయటికి రాలేకపోయేవారు. వాళ్ల కోసం వచ్చిన మందు ఇది. ముడతల కోసం అనుమతి 2009లో వచ్చింది. "అదంతా డబ్బున్నవాళ్ల సోకు" అని ఎవరైనా అంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

రెండోది కాల్షియం హైడ్రాక్సీ ఎపటైట్, రేడియెస్ అని వస్తుంది. ఎముకలో ఉండే ఖనిజాన్నే కంటికి కనపడనంత చిన్న గుండ్రటి రేణువులుగా చేసి జెల్‌లో కలుపుతారు. ఇది రెండు పడవల మీదా కాలు పెట్టినట్టు ఉంటుంది. జెల్ వల్ల అప్పటికప్పుడు కొంత నిండుతుంది, జెల్ పోయేలోపు రేణువుల చుట్టూ కొలాజెన్ వస్తుంది. ఏడాది, ఏడాదిన్నర ఉంటుంది. బాగా పలుచన చేసి వేస్తే నింపడం తక్కువ, చర్మం బిగువు ఎక్కువ. 2015లో చేతుల వెనక భాగానికి కూడా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఒక జాగ్రత్త చెబుతాను. ఈ రేణువులు ఎక్స్‌రేలో, సీటీ స్కాన్‌లో తెల్లగా కనిపిస్తాయి. స్కాన్‌కి వెళ్లినప్పుడు ముందే చెప్పండి, లేకపోతే అనవసరపు టెన్షన్.

మూడోది పాలీ కాప్రోలాక్టోన్, ఎలాన్సే పేరుతో వస్తుంది. కొన్ని రకాలు రెండేళ్లకు పైగానే ఉంటాయి. ఎక్కువ కాలం ఉండటం మంచిదే కదా అంటారు. బాగా కుదిరితే మంచిదే. కుదరకపోతే అదే రెండేళ్లూ దాన్ని మోయాలి.

లోపల అసలు ఏం జరుగుతుంది?

కాలిలో చిన్న ముల్లు విరిగి లోపలే ఉండిపోతే చుట్టూ గట్టిపడుతుంది కదా. శరీరం పరాయి వస్తువుని గుర్తుపట్టి చుట్టూ కంచె కడుతుంది, ఆ కంచెలో కొలాజెన్ ఉంటుంది. ఈ మందులు ఆ స్వభావాన్నే చాలా మెత్తగా, పలచగా, అదుపులో పెట్టి వాడుకుంటాయి. సన్నటి రేణువులు చర్మం కింద పరుచుకుంటాయి, రక్షక కణాలు వాటి దగ్గరికి వస్తాయి, కొలాజెన్ నేసే కణాలు మేలుకుంటాయి. తర్వాత నెలల్లో రేణువులు కరిగిపోతాయి, నేసిన కొలాజెన్ కొంతకాలం మిగులుతుంది.

ఇందులోనే మేలూ ఉంది, ముప్పూ ఉంది. రేణువులు సమంగా పరుచుకుంటే బిగువు. ఒకేచోట గుంపుకడితే ముల్లు చుట్టూ గట్టిపడ్డట్టే గింజ కడుతుంది.

ఎన్నిసార్లు వేయించుకోవాలి?

హయలురానిక్ ఫిల్లర్ చాలామందికి ఒక్కసారితో అయిపోతుంది, అవసరమైతే రెండు వారాల తర్వాత చిన్న సర్దుబాటు. స్కల్ప్‌ట్రా రెండు నుంచి నాలుగు సార్లు, మధ్యలో కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు. పూర్తి ఫలితం మూడు నుంచి ఆరు నెలలకు. వచ్చాక రెండేళ్ల వరకు ఉంటుంది.

ఇక్కడే చాలామంది మోసపోయామనుకుంటారు. వేసిన రోజు మందుతో కలిపిన నీళ్ల వల్ల ముఖం నిండుగా కనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో ఆ నీరు లాగేసి ముఖం మళ్లీ పాతదానిలాగే అవుతుంది. "డబ్బులు గోదాట్లో కలిశాయి డాక్టర్ గారూ" అని ఫోన్. కలవలేదమ్మా. పని అప్పుడే మొదలైంది.

పెళ్లి ముహూర్తం పెట్టేశారు. ఎన్ని రోజుల ముందు చేయించుకోవాలి?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. మాఘమాసం ముహూర్తాలకు పుష్యంలో, శ్రావణం ముహూర్తాలకు ఆషాఢంలో అడుగుతారు. ఫిల్లర్ అయితే కనీసం మూడు, నాలుగు వారాల ముందు. వాపు, కమిలిన మచ్చలు సాధారణంగా వారం, పది రోజుల్లో తగ్గుతాయి, ఏదైనా సరిచేయాల్సి వస్తే ఇంకో రెండు వారాలు చేతిలో ఉండాలి. పెళ్లికి వారం ఉందనగా వచ్చినవాళ్లకు నేను వేయను. పెళ్లి ఫొటోలో పెదవి పక్కన నల్లగా కమిలిన మచ్చ ఉంటే ఆ ఆల్బమ్ జీవితాంతం అలాగే ఉంటుంది.

కొలాజెన్ ఇంజెక్షన్ అయితే ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి. అంటే పెళ్లికూతురి కంటే, వచ్చే ఏడాది కూతురి పెళ్లి చేయబోయే తల్లికి ఇది ఎక్కువ నప్పుతుంది.

పాతికేళ్ల అమ్మాయికి నిజంగా ఈ రెండూ అక్కర్లేదు. మొటిమల గుంటలుంటే వాటికి వేరే వైద్యం ఉంది. లేకపోతే సన్‌స్క్రీన్, నిద్ర, ఒక మంచి క్రీమ్ చాలు. ఈ మాట చెప్పి పంపించినందుకు వేరే చోటికి వెళ్లి వేయించుకున్నవాళ్లు ఉన్నారు. అయినా చెబుతూనే ఉంటాను.

నేను కువైట్ నుంచి నెలన్నర సెలవుకి వచ్చాను. తిరిగి వెళ్లేలోపు అయిపోతుందా?

కోనసీమలో గల్ఫ్‌కి మనిషిని పంపని వీధి తక్కువ, అందుకే ఈ ప్రశ్నకు వేరుగా జవాబు రాస్తున్నాను. ఫిల్లర్ అయితే వచ్చిన మొదటి వారంలోనే రండి. విమానం ఎక్కే ముందురోజు మాత్రం వద్దు. ఏదైనా తేడా చేస్తే గాల్లో ఉంటారు.

స్కల్ప్‌ట్రా అయితే నెలన్నరలో ఒకసారి, మహా అయితే రెండుసార్లు కుదురుతుంది. మిగతాది అక్కడ చేయించుకోవాలంటే ఇక్కడ వేసిన మందు, ఎంత నీళ్లు కలిపారు, ఎక్కడెక్కడ ఎంతెంత వేశారు అన్నీ రాయించుకుని తీసుకెళ్లండి. దుబాయ్‌లోనో కువైట్‌లోనో మొదలుపెట్టి వచ్చేవాళ్లు కూడా అంతే. కాగితం లేకుండా వస్తే నేను దాని మీద ఇంకోటి వేయను. ఏ మందు మీద ఏ మందు పడుతుందో తెలియకుండా సూది పట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

నచ్చకపోతే తీసేయొచ్చా?

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. హయలురానిక్ యాసిడ్ ఫిల్లర్‌ని హయలురానిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్‌తో కరిగించవచ్చు. గంటల్లో మెత్తబడుతుంది, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు పోతుంది. పెదవి ఎక్కువ ఉబ్బింది, ఒక పక్క ఎత్తుగా ఉంది, ముఖం నాది కానట్టుంది, ఏ బాధ అయినా సరే, వెనక్కి వెళ్లే దారి ఉంది.

స్కల్ప్‌ట్రా, రేడియెస్, ఎలాన్సేలకు అలా నమ్మకంగా కరిగించే మందు లేదు. గింజ కడితే మసాజ్ చేయాలి, లోపలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొద్ది కొద్దిగా ఇవ్వాలి, కొన్నిసార్లు కోసి తీయాలి, చాలాసార్లు ఓపిక పట్టాలి. పైన చెప్పిన ఆవిడకు అల్ట్రాసౌండ్ తీయించి, గింజలు ఎంత లోతులో ఉన్నాయో చూసుకుని, నెలల తరబడి వైద్యం చేశాం. ఇప్పుడు చాలావరకు మెత్తబడ్డాయి. పూర్తిగా పోలేదు. ముఖం కడుక్కునేటప్పుడు వేలికి తగిలినప్పుడల్లా ఆ రోజు గుర్తొస్తుందని ఆవిడ చెబుతారు.

అందుకే జీవితంలో మొదటిసారి ఏదైనా వేయించుకుంటున్నవాళ్లకు నా సలహా ఒక్కటే. ముందు కరిగించగలిగేదే తీసుకోండి. మీ ముఖం నిండుగా ఉంటే మీకు నచ్చుతుందో లేదో తెలుసుకోండి. తర్వాతే నెలలు, ఏళ్లు ఉండేదాని సంగతి.

ప్రాణాపాయం ఏమైనా ఉందా? కళ్లు పోతాయని విన్నాను.

అరుదు. కానీ నిజం, దాచిపెట్టను. మందు పొరపాటున రక్తనాళంలోకి వెళ్లినా, దాన్ని మూసేసినా, ఆ నాళం రక్తం అందించే చర్మం చచ్చుబడుతుంది. కనుబొమల మధ్య, ముక్కు, నుదురు, ముక్కు పక్క గీతల్లోని నాళాలకు కంటి నాళాలతో సంబంధం ఉంది. అక్కడ మందు వెనక్కి ప్రయాణిస్తే చూపు పోవచ్చు. ఫిల్లర్‌తోనైనా, కొలాజెన్ ఇంజెక్షన్‌తోనైనా ఈ ప్రమాదం ఉంది.

గుర్తులు ఇవి: తగ్గకుండా పెరిగే నొప్పి, చర్మం పాలిపోయి తెల్లబడటం, ఆ తర్వాత నీలం ఎరుపు కలిసి వలలాగా మచ్చలు పడటం, వేలితో నొక్కి వదిలితే రంగు త్వరగా తిరిగి రాకపోవడం. చూపు మసకబారినా, కంటిలో పోటు వచ్చినా, తల తిరిగినా, మాట తడబడినా అది నిమిషాల్లో చూడాల్సిన అత్యవసరం. చర్మం సంగతికి గంటలుంటాయి, మర్నాటికి వాయిదా వేసేంత సమయం మాత్రం ఉండదు.

ఇప్పుడు మన ఊళ్ల దూరాలు ఆలోచించండి. మీరు సఖినేటిపల్లిలోనో అంతర్వేదిలోనో ఉంటారు. మధ్యాహ్నం రాజమండ్రిలోనో కాకినాడలోనో వేయించుకుని బస్సెక్కి ఇంటికొచ్చారు. రాత్రి తొమ్మిదింటికి బుగ్గ తెల్లబడింది. రేవులు, వంతెనలు దాటి మళ్లీ అక్కడికి చేరేసరికి ఎంతసేపు? ఫోన్ ఎత్తేదెవరు? ఇంజెక్షన్ చేసే చోట హయలురానిడేజ్ ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉందా? కొందరు క్లినిక్ ఏసీ గది ఎంత బాగుందో చూస్తారు, ఫ్రిజ్‌లో ఏముందో అడగరు. అడగండి. తడబడితే లేచి వచ్చేయండి. దూరం నుంచి వచ్చేవాళ్లను నేను పొద్దున్నే రమ్మంటాను, వేశాక రెండు మూడు గంటలు దగ్గర్లోనే ఉండమంటాను, వీలైతే ఆ రాత్రి బంధువుల ఇంట్లో ఆగమంటాను.

ఫిల్లర్ వల్ల నాళం మూసుకుంటే ఆ ఎంజైమ్‌తో కరిగించే అవకాశం ఉంది. కొలాజెన్ ఇంజెక్షన్‌కు ఆ అవకాశం లేదు. ఊరు ఎంత దూరమైతే ఈ తేడా అంత పెద్దది.

పార్లర్‌లో సగం ధరకే చేస్తామంటున్నారు. వెళ్లొచ్చా?

వద్దు. ఎండీ లేదా డిప్లొమా చేసిన చర్మవైద్యులో, ప్లాస్టిక్ సర్జన్లో చేయాల్సిన పని ఇది. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగడం అమర్యాద కాదు. మందుకు మన దేశంలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి. సీల్ మీ కళ్లముందు తీయాలి. ఒకే సిరంజిని ఇద్దరికి పంచుతామంటే ఎంత తక్కువ ధరైనా ఒప్పుకోకండి, హెపటైటిస్, హెచ్‌ఐవీ అంటుకునేది అలాగే. సూది లేని పెన్నుతో పెదవుల్లోకి జెల్ కొడతామనే వీడియోలు చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్న పిల్లలున్నారు. తల్లిదండ్రులు ఇది చదువుతుంటే దయచేసి ఒకసారి కనుక్కోండి.

పెదవులకు, కంటి కింద గుంటలకు ఏది?

కొలాజెన్ ఇంజెక్షన్ రెండు చోట్లా వద్దు. చర్మం పలచన, కండరం ఎప్పుడూ కదులుతుంది, గింజలు ఎక్కువగా కట్టేది అక్కడే. పెదవులకు మెత్తటి హయలురానిక్ ఫిల్లర్. కంటి కింద కూడా అదే, అదీ చాలా తక్కువ, చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర మాత్రమే. కంటి కింద నలుపు వేరు, గుంట వేరు. నలుపుకి ఫిల్లర్ వేయించుకుంటే నలుపు పోదు.

బుగ్గలు మొత్తం పీక్కుపోవడం, కణతల దగ్గర లోతు, దవడ దగ్గర జారడం, చర్మం అంతా పలచబడటం, ఇవి కొలాజెన్ ఇంజెక్షన్ బాగా పనిచేసే చోట్లు. షుగర్ మందులతోనో, పట్టుబట్టి నడిచో ఇరవై కిలోలు తగ్గి "జబ్బు మనిషిలా ఉన్నావేంటని అందరూ అడుగుతున్నారండి" అంటూ వచ్చేవాళ్లకు నేను దీన్ని ఆలోచిస్తాను. ఒకేచోట లోతైన గీత ఉంటే ఫిల్లర్. రెండూ వేర్వేరు రోజుల్లో వేయడం కూడా ఉంది.

మన రంగు చర్మానికి పడుతుందా?

పడుతుంది. కాకపోతే చామనఛాయ చర్మంలో సూది గుచ్చిన చోట, కమిలిన చోట తర్వాత నల్ల మచ్చ నిలిచే గుణం ఎక్కువ. అందుకే సూదిపోట్లు తక్కువ పడేలా, మొన మొద్దుగా ఉండే సన్నటి గొట్టంతో చాలాచోట్ల వేస్తాం. వేసిన తర్వాత ఎండ తగలకూడదు. రోహిణి కార్తెలో చేయించుకుని మర్నాడు చెరువు మీదికి వెళ్తానంటే ఆ నెల ఆగి రమ్మంటాను. చెవులు కుట్టిన చోట, టీకా వేసిన చోట ఉబ్బెత్తుగా మచ్చ పెరిగిన చరిత్ర ఉంటే తప్పకుండా చెప్పండి. కీలాయిడ్ గుణం ఉన్నవాళ్లకు కొలాజెన్‌ని రెచ్చగొట్టే మందు మంచిది కాదు.

ఎవరు అసలు వేయించుకోకూడదు?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు. ముఖం మీద మొటిమల చీము, పుండు, హెర్పిస్ నీటిపొక్కులు ఉన్నవాళ్లు అది తగ్గేదాకా. కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులు ఉన్నవాళ్లు ముందు ఆ డాక్టర్ గారిని కనుక్కోవాలి. షుగర్ ఉంటే అదుపులో ఉండాలి. పన్ను పీకించుకోవడం, క్లీనింగ్ లాంటివి రెండు వారాల ముందో, రెండు వారాల తర్వాతో పెట్టుకోండి. నోట్లోని క్రిములు రక్తంలో చేరి ఫిల్లర్ చుట్టూ స్థిరపడే అవకాశం ఉంది.

గుండెకు ఎకోస్ప్రిన్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్ర వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. "బుగ్గ కమలకూడదని పది రోజులు ఆపేశానండి" అని ఒక పెద్దాయన చెప్పినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. గుండె డాక్టర్ ఆపమంటేనే ఆపాలి. వద్దంటే కాస్త కమిలితే కమిలింది. చేపనూనె గుళికలు, విటమిన్ ఇ, నొప్పి మాత్రలు వాడుతుంటే మాత్రం వారం ముందే చెప్పండి, ఏది ఆపాలో చెబుతాం.

మేం శాకాహారులం. ఇందులో జంతువుల నుంచి తీసింది ఉంటుందా?

ఇప్పటి హయలురానిక్ ఫిల్లర్లు చాలావరకు బాక్టీరియా పులియబెట్టడం ద్వారా తయారవుతాయి. పైన చెప్పిన మూడు కొలాజెన్ ఇంజెక్షన్లూ ప్రయోగశాలలో తయారైనవే, వాటిలో కొలాజెన్ ఉండదు. 1981లో అమెరికాలో అనుమతి వచ్చిన మొట్టమొదటి ఫిల్లర్ మాత్రం ఆవు తోలు నుంచి తీసిన కొలాజెన్. ఎలర్జీ పరీక్ష చేసి వారాలు ఆగి వేసేవారు, కొన్ని నెలలకే పోయేది. ఇప్పుడు దాని వాడకం పోయింది.

కొలాజెన్ పొడి తాగితే సరిపోదా?

తాగిన కొలాజెన్ పొట్టలో మిగతా ప్రొటీన్లలాగే ముక్కలవుతుంది. నేరుగా వెళ్లి బుగ్గలో కూర్చోదు. ఇంజెక్షన్ చేసే పని అది చేయలేదు.

బొటాక్స్ కూడా ఇదేనా?

కాదు. అది కండరాన్ని కొన్ని నెలలు సడలించే మందు. నుదుటి మీద, కనుబొమల మధ్య ముఖం కదిలించినప్పుడు పడే ముడతలకు. నింపదు, కొలాజెన్ పెంచదు.

నొప్పి ఉంటుందా? తర్వాత ఇంట్లో ఏం చేయాలి?

మత్తు క్రీమ్ రాస్తాం, చాలా మందుల్లో నొప్పి తెలియకుండా చేసే లిగ్నోకైన్ కలిసే ఉంటుంది. "ఎలా ఉందండీ" అంటే "ఆయ్, చీమ కుట్టినట్టుందండి" అనేవాళ్లే ఎక్కువ.

తర్వాత చేయాల్సిన పనిలో రెండింటికీ పూర్తిగా తేడా ఉంది, ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. హయలురానిక్ ఫిల్లర్ వేయించుకున్నవాళ్లు ముఖం పిసకకూడదు, బోర్లా పడుకోకూడదు, ఆవిరి పట్టకూడదు, ఒకటి రెండు రోజులు బరువు పనులు చేయకూడదు. స్కల్ప్‌ట్రా వేయించుకున్నవాళ్లు మాత్రం మసాజ్ చేసి తీరాలి. రోజుకు అయిదుసార్లు, ఒక్కోసారి అయిదు నిమిషాలు, అయిదు రోజులు. రేణువులు గుంపుకట్టకుండా సమంగా పరుచుకోవడానికి అది. పక్కింటావిడ వేయించుకున్నది ఏమిటో తెలియకుండా ఆవిడ చెప్పిన జాగ్రత్తలు పాటించకండి. ఇద్దరి జాగ్రత్తలూ ఒకదానికొకటి వ్యతిరేకం కావచ్చు.

ఖర్చు సంగతి?

సిరంజి లెక్కన, సీసా లెక్కన వేలల్లో ఉంటుంది, కంపెనీని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. ఆరోగ్య బీమా అందం కోసం చేసేవాటికి ఇవ్వదు. లెక్క వేసుకునేటప్పుడు ఒక్కసారి ధర చూడకండి. ఫిల్లర్‌కి ఒక విడత చాలు కానీ ఆరు నెలలకో, ఏడాదికో, ఏడాదిన్నరకో మళ్లీ రావాలి. కొలాజెన్ ఇంజెక్షన్‌కి మొదట్లోనే మూడు విడతలు, తర్వాత రెండేళ్ల దాకా ఊరట. మూడు విడతలకు డబ్బు లేకుండా ఒక విడత వేయించుకుని ఆపేయడం కంటే అసలు మొదలుపెట్టకపోవడం మేలు. అప్పు చేసి, గాజులు తాకట్టు పెట్టి మాత్రం ఎవరూ చేయించుకోవద్దు. ఆ మాట నేను నా దగ్గరికొచ్చిన వాళ్లకు కూడా చెబుతాను.

చేయించుకున్నాక ఏం కాగితం తీసుకోవాలి?

మందు పెట్టెలోనే చిన్న స్టిక్కర్లు ఉంటాయి. దాని మీద మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఒకటి మీ చీటీ మీద అంటించమనండి. పక్కనే ముఖం బొమ్మ గీసి ఎక్కడ ఎంత వేశారో, ఎంత పలుచన చేశారో రాయించుకోండి. చేసిన డాక్టర్ పేరు, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు. ఆ చీటీకి ఫోటో తీసి మీ ఫోన్‌లో పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. రెండేళ్ల తర్వాత మీ బుగ్గ మీద చెయ్యి పెట్టి చూసే డాక్టర్ ఎవరో ఇప్పుడు తెలియదు. వాళ్లు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న నేను ఆవిడను అడిగిందే అవుతుంది: ఏం మందు వేశారమ్మా?